తెలియని ఓటు

టైలరు కత్తెర పట్టుకుంటే గీత తప్పదు. అలాంటిది తన కథను ఆన్‌లైన్ పోటీకి పంపినప్పటి నుంచి ఆయన చేయి నిలవడం లేదు. బాబిన్‌లో దారం అయిపోయిన ప్రతిసారీ సుద్ద అంటిన వేలితో ఫోన్ తెరిచి ఓట్లు చూసుకుంటున్నాడు. పొద్దున ఇరవై ఏడే. ఒక చొక్కాకు గుండీలు కుట్టి చూసేసరికి నాలుగు వందలు దాటాయి, కథ మూడో స్థానానికి ఎక్కింది. ఇన్ని ఓట్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో ఆయనకు అంతుపట్టలేదు. వెంటనే ఇలాంటివన్నీ తెలిసిన బావమరిదికి ఫోన్ చేశాడు.

"నేనే బావా, దొంగ అకౌంట్లతో వేయించా. పైనున్నవాళ్లంతా చేసేది అదేగా!"

"రేపెవరైనా అడిగితే నా మొహం ఎక్కడ పెట్టుకోనురా?"

ఆ పూట అన్నం సహించలేదు. కథనే తీసేస్తారేమోనన్న భయంతో, ఆ దొంగ ఓట్లు తీసేయమని నిర్వాహకులకు రాసింది మూడుసార్లు చెరిపేసి, చివరికి కళ్లు మూసుకుని పంపాడు. మర్నాడు దొంగ ఓట్లు పోయాయి, కథ అట్టడుగుకు జారింది. మిగిలినవి ఇరవై ఎనిమిది. ఓట్ల పక్కనున్న పేర్లు ఒక్కొక్కటే చూశాడు. ఇరవై ఏడూ చుట్టాలవీ, కొట్టుకొచ్చే ఖాతాదారులవీ. చివరి పేరు ఎన్నడూ విన్నది కాదు. మళ్లీ బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఇంకోటి మిగిలిందిరా, తీయించు."

"అది నాది కాదు బావా, మా అక్క మీద ఒట్టు! ఎవరో నిజంగానే చదివినట్టున్నారు."

టైలరు ఆ పేరును పెదవులు కదిలిస్తూ రెండుసార్లు చదివాడు. గుమ్మంలోకి ఎవరో పెద్దమనిషి వచ్చినట్టు లేచి నిలబడి, మెడలో టేపు సర్దుకున్నాడు.