ముగ్గుపని

హనుమాన్ జంక్షన్‌లో యలమంద లేత్ షెడ్డుకు ఎవరు ఏ పని తెచ్చినా, ఆఖరి కోతకు ముందు ఆయన మిషను ఆపి టీకి వెళ్తాడు. వేడికి ఇనుము ఉబ్బి ఉంటుంది, అప్పుడే కోస్తే చల్లారాక వదులవుతుందంటాడు.

"మా పెళ్లిలో తాళిబొట్టు కూడా చల్లారిందో లేదో చూసే కట్టాడండీ," అంటుంది భార్య సీతారావమ్మ, వచ్చినవాళ్లకు స్టూలు వేస్తూ.

ఆ రోజు రెడ్డిగూడెం నుంచి కోటేశ్వరరావు స్ప్రేయరు పంపు షాఫ్టు తెచ్చాడు. బేరింగ్ కూర్చునే చోట అరిగిపోయింది. మామిడి పూత మీద తేనెమంచు పురుగు పడింది. సాయంత్రం గాలి తగ్గగానే మందు కొట్టకపోతే పూత మాడి రాలుతుంది. యలమంద అరిగినచోట వెల్డింగ్ పోసి, లేతుకెక్కించి, దాదాపు కొలతకు తెచ్చి, తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"ఎక్కడికయ్యా? టీ ఇక్కడికే తెప్పిస్తా. తాగుతూ కొయ్యి."

"చల్లారాలండీ."

"అది చల్లారేలోపు పురుగు నా తోట మేసేసి ఆగిరిపల్లి పోద్ది."

సీతారావమ్మ నవ్వింది. ఆ నవ్వుకు యలమందకు పౌరుషం వచ్చింది. షాఫ్టు చురుక్కుమంటున్నా ఆఖరి కోత వేసేశాడు. మిషను తుడిచి, చేతులు కడుక్కుని వచ్చేసరికి అది చల్లారింది. కోటేశ్వరరావు బేరింగ్‌ను వేలితోనే తోసి ఎక్కించేశాడు.

"చూడు, వెన్నలా ఎక్కింది."

యలమంద ముఖం మాడిపోయింది. సుత్తి దెబ్బ అడగని బేరింగ్ ఎన్నాళ్లో నిలవదు. కొత్తది చేద్దామంటే పొద్దు వాలుతోంది. చివరికి మొనదేలిన పంచ్ తీసుకుని, బేరింగ్ కూర్చునే చోటంతా సుత్తితో చుక్కలు కొట్టాడు. చుక్క చుట్టూ ఇనుము లేచి బేరింగ్‌ను కాస్త పట్టుకుంటుంది. వేరేవాళ్లు ఆ పని చేస్తే ముగ్గుపని అని ఎగతాళి చేసేది ఆయనే.

సీతారావమ్మ తొంగిచూసి, "ముగ్గు కుదిరింది," అంది.

"ఈ పూటకు నడుస్తుందండీ. రేపు తెచ్చివ్వండి, వేరేది చేసిస్తా."

"నడిచేదాన్ని మార్చడమేంటయ్యా?" అంటూ కోటేశ్వరరావు బండెక్కాడు.

మర్నాడు యలమంద కొత్త షాఫ్టు మొదలుపెట్టి, మధ్యలో టీ తాగి మరీ ముగించాడు. మధ్యాహ్నమైనా కోటేశ్వరరావు జాడ లేదు. తానే మోపెడ్ మీద తోటకు వెళ్లాడు. మిగిలిన వరసలకు కూడా మందు కొట్టి, పంపు అప్పుడే ఆపారు. యలమంద స్పానరు తీశాడు.

"ఆగవయ్యా, కాలుద్ది. చల్లారనీ," అని కోటేశ్వరరావు ఫ్లాస్కు మూత తిప్పాడు.

టీ అయ్యాక పాత షాఫ్టు విప్పితే చుక్కలు సగం అరిగిపోయి ఉన్నాయి. కోటేశ్వరరావు వాటిని వేలితో తడిమాడు. కొత్తదానికి బేరింగ్ సుత్తి దెబ్బలకు గానీ ఎక్కలేదు.

"మొండిఘటం," అన్నాడు కోటేశ్వరరావు.

"అవునండీ," అన్నాడు యలమంద, తృప్తిగా.