రాయడం మానేసిన కుడిచేయి

1969. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు. కాలేజీలు మూతబడ్డాయి, బస్సులు ఏ రోజు తిరుగుతాయో ఎవరికీ తెలియదు. నేను క్లినికల్ సైకాలజిస్టును. మందులు రాయను. మాటలతో, పరీక్షలతో మనసు కష్టం తెలుసుకుని నయం చేయడం నా పని. పగలు దవాఖానలో చేసి, సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్‌లోని మా కిరాయి ఇంటి ముందుగదిలో కొందరిని చూసేదాన్ని. అప్పట్లో మా ఇల్లు దాటితే ఎల్బీ నగర్ వైపు పొలాలూ తుప్పలే ఎక్కువ.

ఎమ్మేలో నాతో చదివిన ప్రసాదరావు గుంటూరు వైపు మనిషి, సైకాలజీ లెక్చరర్. పేరు మార్చాను. భయం మీద అతను రాసిన వ్యాసాలు విదేశీ పత్రికల్లో వచ్చేవి. మా రంగంలో మనిషిని పబ్లికేషన్లతో, సైటేషన్లతో తూస్తారు. సైటేషన్ అంటే ఇంకొకరు తమ వ్యాసంలో మన పనిని పేరు పెట్టి ప్రస్తావించడం. నా వ్యాసాలు పంపినవి పంపినట్టే తిరిగొచ్చేవి. లైబ్రరీకి కొత్త సంచిక రాగానే నేను ముందుగా తిప్పేది, ఉదహరించిన వ్యాసాల జాబితా ఉండే చివరి పేజీలే. అక్కడ అతని పేరు కనబడితే ఆ పూట అన్నం సహించేది కాదు. రోగుల ముందు కూర్చునేది నేను, పేరొచ్చేది అతనికి అని కడుపు మండిపోయేది. పైగా ప్రతి వ్యాసం ప్రతినీ ‘స్నేహంతో’ అని సంతకం చేసి నాకు పంపేవాడు. దానికి ఇంకా మండేది.

ఒక సాయంత్రం భార్య సుశీలతో రిక్షా దిగాడు. కుడిచేయి తనది కానట్టు వేలాడుతోంది.

“పెన్ను పట్టుకోలేకపోతున్నారండీ. నరాల డాక్టరు గారు అంతా బాగానే ఉందంటున్నారు. మీ దగ్గరికే వెళ్దామని ఈయన పట్టుబట్టారు,” అంది సుశీల.

నాకు ముందు జాలి కలగలేదు. ఈ చేయి ఇక రాయదు అనుకున్నాను. గుండెల మీంచి ఏదో బరువు దిగినట్టయింది. ఆ వెంటనే నా ఆలోచనకు నాకే భయమేసింది.

“మనం కల్సి చదువుకున్నోళ్లం. వేరేటోళ్లకు చూపించుకుంటే మంచిగుంటది,” అన్నాను.

“మీ అంత బాగా వినేవాళ్ళు నాకెవరూ తెలీదు, రూత్ గారూ,” అన్నాడు.

ఇక కాదనలేకపోయాను.

నరాలు బాగుండి చేయి పడిపోతే దాన్ని మేము కన్వర్షన్ అంటాం. నోటితో చెప్పుకోలేనిది ఒంట్లో జబ్బై కూర్చుంటుంది. అది నటన కాదు. చాలా రోజులు అతను తన పరిశోధన గురించే మాట్లాడాడు. నేను వింటూనే ఉన్నాను, లోపల కుళ్ళుకుంటూనే ఉన్నాను. చివరికొకరోజు అసలు సంగతి బయటపడింది.

“మా వీధిలో గుంపు నన్ను చుట్టుముట్టిందండీ. ఏ ఊరు నీది అన్నారు. పిడికిలెత్తి ‘జై తెలంగాణ’ అని అరిచాను. వదిలేశారు. పక్కనే మా ఊరి సుబ్బయ్య గార్ని కిరాణా కొట్లోంచి బయటికి లాగుతున్నారు. ఆయన నన్ను చూశారు. నేను ఎత్తిన చెయ్యి దించకుండా వెళ్ళిపోయాను.”

“ఏ చెయ్యి?”

ఒళ్ళో ఉన్న కుడిచేతిని చూసుకుని బావురుమన్నాడు.

“సుబ్బయ్య గారు ఇప్పుడెట్లున్నరు?”

“తలకి దెబ్బ తగిలింది. తగ్గిందట. నేను అటు వెళ్ళడమే మానేశాను.”

“పోవాలె మరి. నేను గూడ ఒస్తా.”

వెళ్ళాం. సుబ్బయ్య గారు పంచదార తూస్తున్నారు. ప్రసాదరావు చెప్పిందంతా విన్నారు.

“నువ్వు ఆగుంటే ఇద్దరం తన్నులు తినేవాళ్ళం గదయ్యా. దానికి నిన్నేమీ అనను. మర్నాడైనా వస్తావని చూశాను, రాలేదు. అదే బాధ,” అన్నారు.

చేయి ఆ రోజే లేవలేదు. కొన్ని వారాలకు వేళ్ళు కదిలాయి, తర్వాత పెన్సిల్ నిలిచింది.

అలాంటి కేసు జీవితంలో మళ్ళీ దొరకదని నాకు తెలుసు. రాసి పంపితే ఏ పత్రికా తిప్పి పంపేది కాదు. ప్రసాదరావే అన్నాడు, “రాయండి. పేరు మార్చండి చాలు.”

“చెయ్యి పడిపోయిన సైకాలజీ లెక్చరర్లు గీ పట్నంల ఎంతమంది ఉంటరు? మీ పిల్లలు క్లాసుల మీ ముంగటనే నవ్వుతరు,” అన్నాను. రాయలేదు. త్యాగం చేశానన్న తృప్తి కూడా కలగలేదు, పోగొట్టుకున్నానన్న మంటే మిగిలింది. ఆ తర్వాత గుంపుల్లో పుట్టే భయం మీద అతను రాసిన వ్యాసాన్ని ఎందరో ఉదహరించారు. నా చేత్తో బాగుచేసిన చేయి నన్ను మరింత వెనక్కి నెట్టింది.

ప్రసాదరావు పోయాక సుశీల గారు, “ఆయన కోరికే కదా, ఇప్పుడు రాయండి,” అన్నారు. అందుకే ఇది రాశాను.

మనసు శుభ్రపడ్డాకే రోగిని చూస్తానని ఆ రోజు నేను కూర్చుని ఉంటే అతని చేయి అలాగే ఉండిపోయేది. ఎదుటి మనిషి మీద మన మనసులో ఏముందో మనకు తెలిసుండాలి. అది తెలిసీ సరిగ్గా వినవచ్చు, సరిగ్గా పని చేయవచ్చు. నా దగ్గర శిక్షణకు వచ్చేవాళ్ళకు ఈ మాటే చెబుతాను. మరి మీ అసూయ పోయిందా మేడమ్ అని అడుగుతారు. పోలేదు.