గ్రీజు పెట్టని గొలుసు

రేణిగుంట రోడ్డులోని ఒక చిన్న యంత్రశాలలో నేను టూల్‌రూమ్ ఫోర్‌మన్‌గా ఉన్న చివరి ఏడాది, వేసవి మొదట్లో, ఆ జాబ్‌కార్డు నా బల్ల మీదికి వచ్చింది. టూల్‌రూమ్ అంటే సరుకు చేసే చోటు కాదు, సరుకు చేసే అచ్చులూ పనిముట్లూ చేసే చోటు. ఫోర్‌మన్‌కు పైన మేనేజరు, కింద ఫిట్టర్లు, టర్నర్లు. కార్డులో ఇలా ఉంది: "రిమోట్ ట్యాంకు. రెండు వైపులా గొలుసు. తెగకూడదు, ఊడకూడదు. గడువు పది రోజులు."

పని తెచ్చింది కార్వేటినగరం దొరస్వామి. సైన్యంలో ట్యాంకు డ్రైవరు, హవల్దారుగా రిటైరయ్యాడు. తాను నడిపిన ట్యాంకుకు ఆరో వంతు నమూనాను మూడేళ్లు కష్టపడి ఇనుముతో కట్టాడు. ఎత్తాలంటే ముగ్గురు కావాలి. కిందటేడు మాజీ సైనికుల కలయికలో, పాత దళమంతా చూస్తుండగా, కంకర దిబ్బ సగం ఎక్కాక దాని గొలుసు ఊడింది. "దొరసామీ, శత్రువు రాకముందే నీ ట్యాంకు బట్టలిప్పేసినాదే!" అని ఎవరో అరిచారట. ఆ మాట ఆయన్ని ఏడాదంతా నిద్రపోనివ్వలేదు. ఈ ఏడూ అదే దిబ్బ, వాళ్లే మనుషులు.

మూడు రోజుల్లో ఇచ్చేస్తానన్నాను. ట్యాంకు గొలుసంటే దక్షిణాది మొత్తం మీద నన్నే అడగాలనేవారు. అనేవారంటే, నేనే అనేవాణ్ణి. అంతకుముందు ఒక్కటి కూడా చేసి ఎరగను.

గొలుసంటే ఉక్కు లంకెల వరస. రెండేసి లంకెలను కలుపుతూ అడ్డంగా ఒక పిన్ను. పిన్నూ రంధ్రమూ అరిగితే ప్రతి కీలులో వెంట్రుకవాసి సందు పడుతుంది. అన్ని సందులూ కలిసి గొలుసు సాగి, పళ్ల చక్రం మీద నుంచి జారిపోతుంది. అందుకని ఒక లంకెను కొలిస్తే ఏమీ తెలియదు. పదింటిని బిగలాగి కొలవాలి.

కొత్త గొలుసు చేసి తొడిగి, వెనక ఆవరణలో కంకర పోయించి అరగంట నడిపాం. పది లంకెలు మూడు మిల్లీమీటర్లు సాగాయి. పిన్ను మెత్తనని తేల్చాను. ఇంకా గట్టి ఉక్కుతో చేయించి, కాల్చి నూనెలో ముంచి గట్టిపరిచాను. మళ్లీ సాగింది. హవల్దారు నడిపే తీరు మొరటన్నాను. ఆయన నోరు తెరిచినప్పుడల్లా నా సర్వీసు ఎన్నేళ్లో గుర్తు చేశాను. టీ సగంలో వదిలేసి లేచేవాణ్ణి. కొలిచిందే మళ్లీ కొలిచేవాణ్ణి. ఏడో రోజు వచ్చేసింది.

అప్పుడు కళ్లు మూసుకుని, కీళ్ల కిరకిర విని, రోగం కనిపెట్టాను. ఈ ముక్క చాలా పెళ్లి పందిళ్లలో చెప్పాను. అబద్ధం.

నిజం ఇది. ఆ రోజు, నగరిలో మరమగ్గాలు నడిపే కస్తూరి తన మగ్గంలో అరిగిన పళ్ల చక్రం ఒకటి తెచ్చి, కొత్తది కోసి ఇచ్చేదాకా కూర్చుంది. నేను అలవాటుగా పిన్నులకు బ్రష్షుతో గ్రీజు పూస్తున్నాను. కదిలే భాగమున్న వస్తువు ఏదీ గ్రీజు పెట్టకుండా నా టూల్‌రూమ్ దాటదు. మేం గొలుసు నుంచి విప్పేసిన పాత పిన్ను ఒకటి ఆమె తీసుకుని, దాని మీది నల్ల జిగురును వేళ్ల మధ్య నలిపింది.

"ఇది గ్రీజు కాదన్నా, సానరాయి. గరగరమంటా ఉండాది సూడు."

"మగ్గం యాడ, ట్యాంకు యాడమ్మా!"

"మాకు ఎక్కువ నూనె పెడితే దూదంతా అంటుకుంటాది. మీకు ఇసక అంటుకునింది. అంతే గదా?"

పక్కనే ఉన్న హవల్దారు గొంతు సవరించుకున్నాడు. "మా అసలు ట్యాంకు పిన్నులకు కూడా గ్రీజు పెట్టేవాళ్లం కాదప్పా."

"ముందే సెప్పొచ్చు గదయ్యా!"

"నువ్వు సెప్పనిస్తివా?"

కస్తూరి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

కొత్త లంకెలూ పిన్నులూ బిగించి, కిరసనాయిలుతో కడిగి, పొడిగా రెండు గంటలు నడిపాం. పది లంకెలకు అర మిల్లీమీటరు కూడా సాగలేదు. కలయిక రోజున ట్యాంకు దిబ్బెక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. దొరస్వామి ఎవరి వైపూ చూడలేదు, రిమోట్ మాత్రం కిందపెట్టలేదు. శబ్దం విని కనిపెట్టానన్న కథ నేను మొదట చెప్పింది అక్కడే. ఆయన పక్కనే ఉండి విన్నాడు.

నేర్చుకున్నది రెండు ముక్కలు. అరిగిన భాగాన్ని మార్చేముందు దాని మీది మురికిని చూడాలి. యంత్రాన్ని వాడినవాణ్ణి మాట్లాడనివ్వాలి.

ఇంకొకటి మిగిలింది. డ్రాయింగు సవరించినప్పుడు కారణమూ, సూచించినవారి పేరూ రాయాలన్నది మా నియమం. "పిన్నులకు గ్రీజు పూయరాదు" అని కారణంతో సహా రాశాను. పేరు గడిలో నా సంతకం పెట్టాను. అక్కడ ఉండవలసిన పేరు కస్తూరి, నగరి.