మూడు గీతలు అడిగితే ముప్పై

చదువంటే బడి బెంచీ మీద కూర్చుంటేనే వస్తుందని అందరూ నమ్మే రోజులవి. (ఇప్పుడూ అలాగే నమ్ముతున్నారు, నాకు ఒళ్లు మండేది అక్కడే.) నేను ఎస్టేట్ బడిలో ఆరో క్లాసు దాటలేదు. మిగతాదంతా పాత పేపర్లూ, యంత్రాలతో పాటు వచ్చే గైడు పుస్తకాలూ నేర్పినదే. మలేషియాలో బంటింగ్ ఊరి దగ్గర పామాయిల్ మిల్లులో గెలలు దించే పని నుంచి నన్ను లాబ్‌కి ఎక్కించినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఆరు నెలలు చూస్తాం, పనికొస్తే ఉంచుతాం, లేకపోతే మళ్లీ గెలల దగ్గరికే అన్నారు. సరిగ్గా ఆ ఆరో నెల ఆఖర్లో హెడ్డాఫీసు నుంచి తువాన్ వస్తున్నాడన్నారు. (పెద్ద ఆఫీసర్లని మా దగ్గర అలాగే అంటారు.)

లాబ్ పెద్ద ఒక తమిళావిడ, మిల్లంతటికీ అక్క. మూడు ట్యాంకుల్లో నూనె ఏ రోజు ఎంత పులిసిందో నెల రోజులు కొలిచిన అంకెలు నా చేతిలో పెట్టి, కొత్తగా వచ్చిన కంప్యూటర్లో గ్రాఫు గీయమంది. ఒకే బొమ్మలో మూడు గీతలు, ట్యాంకుకొకటి. చేతనవుతుందా అని కూడా అడిగింది. ఆ మాట నాకు ఎక్కడో తగిలి, ఎవర్నీ సాయం అడగనని ఒట్టు పెట్టుకున్నాను.

సాఫ్ట్‌వేరు తెరిస్తే గళ్ల వర్క్‌షీటు, అచ్చం ఎస్టేట్ హాజరు పట్టీ. ఎస్టేట్లో పుట్టినవాడికి గళ్లు నింపడం ఒక్క తీరే తెలుసు: పేర్లు కిందికి, తేదీలు అడ్డంగా. అలాగే మూడు ట్యాంకుల నంబర్లూ కిందికి రాసి, ముప్పై తేదీలూ అడ్డంగా పరిచాను. మొదటి నిలువు వరస ఎక్స్, మిగతావన్నీ వై అని గైడు చెప్పినట్టే గుర్తు పెట్టి నొక్కాను. ఒక్కో వై వరసకీ ఒక్కో గీత వస్తుందన్న సంగతి తర్వాతి పేజీలో ఉంది. (నేను ముందు పేజీతోనే పండితుణ్ణయిపోయాను.)

ముప్పై గీతలు వచ్చాయి. ఏ గీత ఏ తేదీదో చెప్పే పెట్టె సగం బొమ్మని మింగేసింది. బాయిలర్ చిన్నాన్న (బాయిలర్ చూసుకునే ఆయన; రక్త సంబంధం లేదు, ఎస్టేట్లో మా పక్కింటాయన) తలుపులోంచి తొంగి చూసి, "ఏట్రా అది? సేమ్యా ఒలకబోసినట్టుంది లా" అన్నాడు. (మాట చివర "లా" తగిలించడం మలేషియా అలవాటు.) సైన్సంటే అలాగే ఉంటుందన్నాను. ప్రింటరు కర్రుకర్రుమంటుండగా ఆ తర్వాతి పేజీ చదివితే నా తప్పు తెలిసింది. అప్పటికే అక్క కాగితం లాక్కుని వెళ్లిపోయింది, తువాన్ వచ్చేశాడు.

ఆయన చాలాసేపు చూశాడు. చాలా గీతలు మూడో ట్యాంకు దగ్గర పైకి లేస్తున్నాయి, ఆ ట్యాంకులో ఏదో లోపముంది, ఇంత తేటగా చూపించిందెవరని అడిగాడు. అక్క నన్ను చూపించింది. అయితే ఈ మనిషిని లాబ్‌లోనే ఉంచండన్నాడు. అక్కడితో నోరు మూసుకోవాలి. కానీ సొంతంగా చదువుకున్నవాడికి తప్పుతో ఉద్యోగం రావడమా? "తువాన్, అది తప్పు గ్రాఫు" అన్నాను. అక్క నా కాలు తొక్కింది. ఆయన నవ్వి, తన టీ అయ్యేలోగా ఒప్పుది గీసి చూపిస్తేనే ఉద్యోగమన్నాడు.

తేదీలు కిందికి, ట్యాంకులు అడ్డంగా, తొంభై అంకెలూ మళ్లీ కొట్టాను. ఈసారి మూడే గీతలు. రెండు బుద్ధిగా పడుకున్నాయి. మూడోది పదకొండో తేదీ దాకా పడుకుని, ఆపైన నిచ్చెనెక్కింది. ఉద్యోగం నీదే, కానీ పదకొండున ఏం జరిగిందని అడిగాడు తువాన్. ఆ ట్యాంకులో నూనె గడ్డకట్టకుండా కాచే ఆవిరి గొట్టం ఆ రోజే కారి నూనెలో నీళ్లు పడుతుంటే (నీళ్లు కలిస్తే నూనె పులుస్తుంది), చిన్నాన్న దానికి రబ్బరు ముక్క చుట్టేసి పని అయిందనిపించాడు. అందరి కళ్లూ బాయిలర్ వైపు తిరిగాయి.

తువాన్ వెళ్లాక చిన్నాన్న నన్ను పక్కకి పిలిచి, "ఆ సేమ్యా కాయితంతో ఊరుకుంటే నీ సొమ్మేటి పోయినాదిరా?" అన్నాడు. నెల రోజులు టీకొట్లో వేరే బల్ల దగ్గర కూర్చున్నాడు.

మొన్న గుడి దగ్గర ఒకాయన, నేను రాయని నోటీసు నేనే రాశాననుకుని తెగ మెచ్చుకున్నాడు. తలూపి ఊరుకున్నాను. ఆ ఇరవై ఆరేళ్ల మొండివాడు పక్కనుంటే ఊరుకోనిచ్చేవాడు కాదు. వాడంటే నాకిప్పటికీ కొంచెం భయమే.