దోసిలిలో పోసిన సాక

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మితే మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. మాది కల్లు గీసే కుటుంబం. మా నాయిన, మా ఆయన, మా తమ్ముడు ముగ్గురూ తాటిచెట్లు ఎక్కినవాళ్ళే. మా వనానికి వెళ్ళే దారి శ్మశానం పక్క నుంచే. పెళ్ళయిన కొత్తలో నెత్తిన కల్లు లొట్టి పెట్టుకుని, చీకటి విడవక ముందే ఆ దారిలో నడిచేదాన్ని. తాటిచెట్టు మీద దయ్యముందని ఎవరైనా అంటే మా ఆయన నవ్వేవాడు. "ఉంటే నాకంటే ముందుగాల లొట్టి దించుకపోదా?" అనేవాడు.

అందుకే దీన్ని దయ్యం కథగా చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, న్యూజిలాండ్‌లోని పాపకూరలో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పే హాల్లో, మనవరాలి పక్కన కూర్చుని. రాయడం నాకింకా నెమ్మదే. ఇది రాయడానికి చాలా రోజులే పట్టింది.

ముందు మా తమ్ముడి గురించి చెప్పాలి. పేరు యాదగిరి. నాకంటే చాలా చిన్నవాడు. అమ్మ పొలానికి పోతే వాడికి తలకు నూనె పెట్టింది, బువ్వ తినిపించింది నేనే. పెద్దయ్యాక వాడూ చెట్లెక్కాడు, అండాలును పెళ్ళి చేసుకున్నాడు. పిల్లలు కలగలేదు.

ఒక పొద్దున కొత్త మోకు కొనుక్కొస్తానని వాడు నల్లగొండకు బయలుదేరాడు. మోకు అంటే చెట్టెక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు. సాయంత్రం బస్సుకు వచ్చేస్తానన్నాడు. రాలేదు. మర్నాడూ రాలేదు. నేను అప్పటికి అత్తగారి ఊళ్ళో ఉన్నాను, వాణ్ణి చూసి చాలా నెలలయింది. కబురు తెలిసి పరుగెత్తుకుని వెళ్ళాను. బస్టాండ్లు, ఆసుపత్రులు, పోలీసు స్టేషన్లు అన్నీ తిరిగాం. మోకు అమ్మే దుకాణంలో అడిగితే అలాంటి మనిషి రాలేదన్నారు. ఇంటి నుంచి దుకాణానికి మధ్యలో ఎక్కడో మా తమ్ముడు లేకుండా పోయాడు.

మా ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది. కల్లయినా సారా అయినా నోట పెట్టుకునే ముందు నాలుగు చుక్కలు నేల మీద పోస్తాం. దాన్ని సాక అంటాం. పోయినవాళ్ళను తలచుకుని వాళ్ళకోసం పోస్తాం. ఎంగిలిది పోయకూడదు. బతికున్నవాళ్ళ పేరు అసలే తలచకూడదు.

తమ్ముడు కనబడకుండా పోయాక ఒక పెత్రమాసకు, అంటే పెద్దల అమావాస్యకు, అందరం ఒక్కచోట చేరాం. మా పెద్దనాయన లొట్టి వంచి తాత పేరు చెప్పాడు, మా నాయిన పేరు చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి "యాదగిరీ..." అన్నాడు. అండాలు లేచి వచ్చి ఆయన చేతిలోని లొట్టి గుంజుకుంది.

"బతికున్నోనికి సాక పోస్తరా? ఎవలన్న ఆయన శవం చూసిండ్రా? చూసినోళ్ళు నా ముందుకు రాండ్రి!"

ఎవరూ రాలేదు. ఆ తర్వాత ఏ పండుగకూ మా ఇళ్ళలో వాడి పేరు మీద చుక్క పోయలేదు. అండాలు బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. ఫలానా చోట యాదగిరి లాంటి మనిషి కనబడ్డాడని ఎవరంటే వాళ్ళ మాట పట్టుకుని రైలెక్కేది. సోలాపూర్ వెళ్ళింది, భీవండి వెళ్ళింది. ప్రతిసారీ ఒక్కతే తిరిగి వచ్చేది.

మా ఆయన పోయాక నేను న్యూజిలాండ్ వచ్చాను. మా బిడ్డ సునీత ఆక్లాండ్‌లో చదువుకుని, అక్కడే ఉద్యోగంలో చేరి, పాపకూరలో సెటిల్ అయింది. పసిపిల్లను చూసుకోవడానికి నన్ను పిలిపించుకుంది.

2016లో అనుకుంటాను, ఫిబ్రవరి. ఇక్కడ అది ఎండాకాలం. సునీత ఆఫీసువాళ్ళు కొద్దిమంది కలిసి వైహెకీ దీవికి వైన్ రుచి చూసే ట్రిప్పు పెట్టుకున్నారు. ఒకామెకు జ్వరం వచ్చి మానేస్తే ఆమె చోటు మిగిలింది. సునీత నన్ను రమ్మంది.

"నేనెందుకే? ఇంగ్లీషు రాదు, వైన్ తాగ."

"ద్రాక్ష కల్లనుకో అమ్మా. నువ్వు అమ్మనిదా?"

సునీతతో పనిచేసే రవళిది కాకినాడ. ఫెర్రీలో నన్ను ఆటపట్టిస్తూనే ఉంది. "మా అందరికంటే మీదే ఎక్స్‌పీరియన్సండీ ఆంటీ. ఏది బాగుందో మీరు చెప్పండి, అదే కొనేద్దాం."

"ముందుగాల వాడు నీళ్ళు కలిపిండో లేదో చూడాలె," అన్నాను. పక్క సీట్లవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. ఆ రోజు నేను సంతోషంగానే ఉన్నాను. ఏ దిగులుతోనో వెళ్ళి ఏదో ఊహించుకున్నాననుకుంటారేమోనని చెబుతున్నాను.

తోట యజమాని పెద్దవయసు మనిషి. అందరూ నికో అని పిలిచారు. ఆయన తండ్రి గ్రీసు దేశంలోని ఏదో దీవి నుంచి వచ్చి ఇక్కడ ద్రాక్ష వేశాడట. తమ దీవిలో ఇళ్ళు ఇలాగే ఉంటాయని గోడలకు తెల్ల సున్నం, కిటికీలకు నీలం రంగు వేయించాడు. ఇంటి ముందు బండలు పరిచిన జాగాలో నీడకింద పొడుగాటి బల్ల. బల్ల దాటి నాలుగడుగులు వేస్తే ద్రాక్ష సాళ్ళు మొదలవుతాయి. ఈ చివర నిలబడితే ఆ చివర సముద్రం దాకా సాలు మొత్తం కనిపిస్తుంది.

నికో ప్రతి గ్లాసులో అడుగున కొంచెమే పోశాడు. తిప్పాలి, వాసన చూడాలి, కొంచెం నోట్లో పోసుకుని పుక్కిలించాలి, కావాలంటే ఉమ్మేయాలి. ఉమ్మడానికి బల్లమీదే ఒక గిన్నె పెట్టాడు. మిగిలింది కూడా అందులోనే పారబోశారు. మేము కల్లు అమ్మే మండువలో అలా ఉమ్మితే మళ్ళీ లోపలికి రానిచ్చేదాన్ని కాదు.

ఎర్ర వైన్ నా ముందుకు రాగానే, అలవాటుగా, నోట పెట్టుకోక ముందే పక్కకు వంగి బండమీద నాలుగు చుక్కలు పోశాను.

"అమ్మా! ఇక్కడ అట్ల పోయద్దు, అందరు చూస్తుండ్రు," అని సునీత మోచేత్తో పొడిచింది.

నికో చూశాడు. ఎందుకని అడిగాడు. సునీత ముఖం ఎర్రబడుతుండగా చెప్పింది. ఆయన నవ్వలేదు. వాళ్ళ నాయనమ్మ కూడా పోయినవాళ్ళకోసం అలాగే పోసేదట. బండమీద కాదు, మట్టిలో పోయమని సాళ్ళవైపు చూపించి, కొత్త గ్లాసులో అడుగున అంతే కొంచెం పోసి నా చేతికిచ్చాడు.

నేను ఒక్కదాన్నే సాలు మొదటికి వెళ్ళాను. నడి ఎండ. మట్టి పొడిబారి తెల్లగా ఉంది. తీగ మొదట్లో గొంతుక్కూర్చుని మా నాయినను తలచుకుని ఒకచోట చుక్కలు వదిలాను. అమ్మకు ఒకచోట. మా ఆయనకు ఒకచోట. గ్లాసులో ఇంకా గుక్కెడు మిగిలింది. తాగుదామని పైకెత్తాను.

అప్పుడు నా ముందుకు రెండు చేతులు వచ్చాయి. దోసిలి పట్టి.

చేతులు చాపినవాళ్ళకు పోయడం నా బతుకంతా చేసిన పని. మండువలో మేము ముఖాలు చూడం, దోసిళ్ళే చూస్తాం. ధార తెగకూడదు, చుక్క కింద పడకూడదు. ఆలోచించకుండానే గ్లాసు వంచేశాను. ఉన్నదంతా ఆ దోసిలిలోకి పోయింది.

మోచేతుల లోపలివైపు, చెట్టును వాటేసుకుని ఎక్కేవాళ్ళకు కట్టే నల్లటి కాయలు ఉన్నాయి. ఎడమ బొటనవేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది, ఆకుపచ్చది, పసుపు అంచు. మనిషి నా ఎదురుగా గొంతుక్కూర్చుని, దోసిలి నోటి దగ్గర పెట్టుకుని తల వంచి తాగుతున్నాడు. తల మీద రెండు సుళ్ళు. ఆ సుళ్ళ మధ్య నేనెన్నిసార్లు నూనె అద్దానో.

పోసిన తర్వాతే గుర్తొచ్చింది, నేను పోస్తున్నది సాక అని. సాక ఎవరు తాగుతారో కూడా.

"యాదీ," అన్నాననుకుంటాను. వెనక నుంచి సునీత "అమ్మా!" అని పిలిచింది. తల తిప్పి మళ్ళీ ఇటు చూసేసరికి సాలు ఖాళీ. సముద్రం దాకా ఎవరూ లేరు.

భయం వేయలేదు. అక్కడే కూర్చుండిపోయాను. సునీత వచ్చి రెక్క పట్టుకుంది.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

నేను మట్టివైపు చూపించాను. చుక్కలు వదిలిన మూడుచోట్లా మట్టి నల్లగా తడిసి ఉంది. గ్లాసు మొత్తం వంచిన చోట పొడిగా, తెల్లగా ఉంది. నేను గ్లాసు బోర్లించడం బల్ల దగ్గర నుంచి సునీత కళ్ళారా చూసింది. వంగి వేలితో మట్టిని తడిమింది, వాసన చూసింది.

"మరి వైన్ ఏడ వోయింది?" అంది.

తిరుగు ఫెర్రీలో సునీతకు జరిగింది చెప్పాను. "ఎండ దెబ్బమ్మా. పొద్దుగాల్నుంచి ఏం తినలే నువ్వు," అంది. ఆక్లాండ్ దగ్గర పడుతుండగా నా చేయి పట్టుకుంది. "అండాలత్తకు మాత్రం చెప్పకు. ఆమె ఆ ఒక్క ఆశ మీదనే బతుకుతుంది."

చెప్పలేదు. బొటనవేలి కట్టు సంగతి సునీతకు కూడా చెప్పలేదు. అంత చిన్న విషయం చెప్పాలని తోచలేదు.

ఇక్కడ చలి మొదలయ్యాక ఒకరోజు అండాలు ఫోన్ చేసింది.

"వదినా, సూరత్‌ల ఉన్నడట. మిల్లుల కాడ చాయ్ అమ్ముతుండట. మనూరి సత్తయ్య కొడుకు చూసిండట. రేపు బండెక్కుతున్న."

భీవండి నుంచి వచ్చినప్పుడు ఆమె జ్వరంతో మంచం పట్టి చావు దాకా వెళ్ళొచ్చింది. మోకాళ్ళు అరిగిపోయాయి. ఎంత చెప్పినా వినలేదు. చివరికి నా నోటి నుంచి వచ్చేసింది.

"పోకు అండాలూ. వాణ్ణి నేను చూసిన."

"ఏడ? ఆడనా? మీ దేశంలనా?" ఆమె గొంతు ఒక్కసారిగా చిన్నపిల్ల గొంతయింది. "సన్నవడ్డడా వదినా? నన్నడిగిండా? నువ్వు గట్టిగ పట్టుకోకపోయినవా?"

ఇక దాచలేకపోయాను. దీవి, తోట, సాక, దోసిలి, అన్నీ చెప్పాను.

"చేతులే గద చూసినవ్," అంది అండాలు, కోపంగా. "గీసేటోళ్ళ చేతులు అందరియి అట్లనే ఉంటయ్. నీ భ్రమ."

"బొటనేలికి కట్టుండె," అన్నాను. "ఆకుపచ్చ గుడ్డ. పసుపు అంచు."



"అది నా చీరకొంగు," అంది. "పొయ్యే రోజు పొద్దుగాల కత్తి నూరుకుంట కోసుకున్నడు. బస్సుకు టైమైతుందంటే చింపి కట్టిన. గంత చిన్న దెబ్బ, ఎవలకేం చెప్తం? ఎవ్వలకు చెప్పలే. అంటే ఆ కట్టు ఇప్పుకునేదాంక గూడ బతకలేదన్నట్టు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నిండ పోసినవా వదినా?"

"లేదు. వీళ్ళు అడుగున ఇంతే పోస్తరు. గుక్కెడే ఉండె."

"గుక్కెడు ఆయనకేం సాలుతది," అంది. "మిగిలింది నేను పోస్త తియ్," అని ఫోన్ పెట్టేసింది.

సూరత్ వెళ్ళలేదు. ఆ పెత్రమాసకు తనే లొట్టి పట్టుకుని, తనే పేరు చెప్పి, లొట్టి ఖాళీ అయ్యేదాకా పోసిందట. ఎవరూ చెప్పకుండానే గాజులు తీసి గూట్లో పెట్టిందట.

కట్టు సంగతి నువ్వెప్పుడో విని మరచిపోయి ఉంటావని సునీత అంటుంది. అండాలు ఎవరికీ చెప్పలేదంటుంది. మట్టి మాట ఎత్తితే సునీత లేచి వంటింట్లోకి వెళ్ళిపోతుంది. మా తమ్ముడి గురించి ఈనాటికీ ఏ కబురూ లేదు. ఆ రోజు నేను ఎవరికి పోశానో నాకు తెలియదు. తెలుసనుకున్న రోజున ఏడుస్తాను, తెలియదనుకున్న రోజున భయపడతాను. బతికున్న మనిషిని అతని భార్య మనసులో చంపేశానేమోనని.

సూరత్‌లో చాయ్ అమ్మే ఆ మనిషి ఎవరో చూసి రావడానికి మాత్రం తర్వాత ఎవరూ వెళ్ళలేదు.