గాలి ఆగినా బయటికి రావద్దు

మా పక్కింటి భూగోళం సారు మొన్న ఆదివారం పోయారు. నాకు నలుగురిలో మాట్లాడడం రాదు. అందుకే రాస్తున్నాను.

ఆయనది కృష్ణా జిల్లా సముద్రపు ఒడ్డు. చైతన్యపురి కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవారు. నేను దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణంలో లెక్కలు రాసేవాణ్ణి. పెద్దగా బడి చదువు లేని నాకు పటం చూడడం నేర్పింది ఆయనే. "సముద్రం బాగా వేడెక్కాలండీ. అయినా సరిగ్గా భూమధ్యరేఖ మీద తుపాను పుట్టదు, అక్కడ గాలికి సుడి పడదు. కాస్త ఎడంగా పుడుతుంది" అంటూ బకెట్ నీళ్లలో వేలు తిప్పేవారు. "గాలి కప్పు లేపుతుంది, ఉప్పెన ఊరినే తీసుకుపోతుంది" అనేవారు.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో, ఒక బంద్ నాడు, ఆయన చెల్లెలి ఊరి మీదికే తుపాను వచ్చింది. తుపాను నడిబొడ్డున గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అయిపోయిందనుకొని జనం రాలిన కొబ్బరికాయలు ఏరుకోవడానికి పరుగెత్తుతారు. అంతలో ఎదురు దిక్కు నుంచి గాలి మళ్లీ విరుచుకుపడుతుంది. అంతకు ముందెప్పుడో ఒక తుపానులో సారు నాన్నగారు అట్లాగే పోయారు.

బడి భవనంలో తలదాచుకున్న చెల్లెలు ఫోన్ చేసింది. "అన్నయ్యా, గాలి ఆగింది. మీ బావ గంప తీసుకొని బయల్దేరుతున్నాడు." సారుకు అంతవరకే వినబడింది. కింద దీక్షా శిబిరంలో మైకు హోరు. సారు పక్కనే ఉన్న నేను దిగి వెళ్లి శిబిరం పెద్దకు సంగతి చెప్పాను.

"ఆంధ్రా సారు ఫోన్ మాట్లాడుతడని మైకు బంద్ జెయ్యాల్నా? మంచిగనే ఉన్నది!" అన్నాడు పక్కనున్న ఆటో ఆయన.

"నోరు మూస్కోరా. ఆడ ఆడబిడ్డ ఆపదల ఉన్నది" అంటూ శిబిరం పెద్దాయన మైకు వైరు పీకేశాడు. డప్పులూ ఆగాయి.

వీధంతా వింటుండగా సారు బాల్కనీలో అరిచారు. "గాలి ఆగినా బయటికి రావద్దని చెప్పమ్మా! కాయలు పోతే పోనీ! వినకపోతే నువ్వు గుమ్మానికి అడ్డంగా కూర్చో!"

లైను తెగిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం గానీ కబురు రాలేదు. ఆమె నిజంగానే గుమ్మంలో కూర్చుందట. బావగారు తిట్టారట గానీ ఆమెను దాటలేదట. పక్క గుమ్మం నుంచి వెళ్లిన ఇద్దరు తిరిగి రాలేదు.

సారు నేరుగా శిబిరానికి వెళ్లారు. రాష్ట్రం విడిపోవడం ఆయనకు ఇష్టం లేదని వీధిలో అందరికీ తెలుసు. చేతులు జోడించారు. పెద్దాయన జరిగి తివాచీ మీద చోటిచ్చాడు.

"జై అనకున్నా ఏం గాదు సారూ. జర చాయ్ తాగు."

చుట్టూ నినాదాలు మొదలయ్యాయి. సారు లేవలేదు. వేడి గ్లాసును రెండు చేతులా పట్టుకొని, తాగడం మరిచిపోయి, వాళ్ల మధ్యనే కూర్చున్నారు.