మా బడి మోటారుకి ఎర్ర బిళ్ళ

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి కారణమంటూ ఒకటి ఉండాలని నేననుకునేదాన్ని కాదు. కోపం వచ్చాక వెతికితే కారణాలు బోలెడు దొరికేవి. (“ఇది పుట్టినప్పుడు ఏడవలేదు, మంత్రసాని మీద అరిచింది” అని మా అమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ చెబుతుంది.) ఇరవై మూడేళ్ళ వయసు, చేతిలో కొత్త బీఎడ్ పట్టా, ఏ నెలకానెల పొడిగిస్తే తప్ప ఉద్యోగమని చెప్పుకోడానికి వీల్లేని టెంపరరీ టీచరు పోస్టు. బెంగాల్లోని రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో ఓల్డ్ సెటిల్‌మెంట్ సందుల్లోంచి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, మన తెలుగు పిల్లలే ఎక్కువగా చదివే ఒక సర్కారు బడిలో సైన్సు చెప్పేదాన్ని. బడి పేరు మాత్రం చెప్పను. ఎవరో మీదకి వస్తారని భయమై కాదు. అలాంటి బడులు దేశంలో ఎన్నో ఉండగా పాపం ఆ ఒక్కదాన్నే బజారుకీడ్చడం అన్యాయం కదా!

కొత్తగా చేరినవాళ్ళ నెత్తిన పాతవాళ్ళు వద్దనుకున్న పనులన్నీ పడేయడం ఎక్కడైనా ఉన్న ఆచారమే. నా నెత్తిన పడింది ‘విద్యుత్తు, నీటి పొదుపు సంఘం’. మా హెడ్మాస్టరుగారిని అందరూ పెద్ద సారు అనేవారు. ఆయన నన్ను గదిలోకి పిలిచి, మిట్టమధ్యాహ్నం రెండు ట్యూబులైట్లు, రెండు ఫ్యాన్ల కింద కూర్చుని, “ఈ ఏడాది పొదుపు చేసిన బడికి బహుమానం ఇస్తారటమ్మా. ఎలాగైనా మనకి రావాలి. నువ్వు చిన్నదానివి, ఓపికున్నదానివి” అన్నారు. సరేనని పిల్లల చేత అట్టల మీద బొమ్మలు వేయించాను, నినాదాలు రాయించాను. రోజూ పదిన్నరకి ప్రార్థన తరవాత ప్రతిజ్ఞ కూడా పెట్టించాను. “ఒక్క నీటిబొట్టునైనా వృథా కానివ్వను” అని పిల్లలందరూ చెయ్యి చాచి అంటుంటే, సరిగ్గా వాళ్ళ ఎదురుగా, బడి పైనున్న ట్యాంకు పొంగి గోడ మీదుగా ధారలు కట్టి పడుతుండేది. ఒక్కరికీ నవ్వు రాలేదు. నవ్వు రాకపోవడమే నాకు ఒళ్ళు మండించింది.

మోటారు వేసేది లైన్ క్లియర్ బాబాయి. రైల్వే వర్క్‌షాపులో ముప్ఫయ్యేళ్ళు చేసి రిటైరై, బడిలో కాపలాకి చేరాడు. ఏం చెప్పినా “లైన్ క్లియర్” అనేవాడు కనుక ఆ పేరు. తొమ్మిదిన్నరకి మోటారు వేసి పదకొండున్నరకి ఆపాలని పెద్ద సారు ఎప్పుడో ఆర్డరు వేశారు. ట్యాంకేమో నలభై నిమిషాల్లో నిండిపోయేది.

“నిండిపోయింది కదా బాబాయ్, కట్టెయ్యకూడదా?” అన్నాను ఒకరోజు.

“ఆర్డరు రెండు గంటలండి టీచరమ్మా. నిండితే ఏటి సెయ్యాలో ఆర్డర్లో లేదు” అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు కరెంటు, నీళ్ళు రెండూ అలా పోతూనే ఉన్నాయి. నేను వెళ్ళి స్విచ్చి కట్టేస్తే, నేను క్లాసుకి వెళ్ళగానే వచ్చి మళ్ళీ వేసేవాడు. మనిషి చెడ్డవాడు కాదు, ఆర్డరు మనిషి.

ఇంతలో సైరన్ పడిపోయింది. సైరన్ అంటే ఎనిమిదో తరగతి పిల్ల. వర్క్‌షాపు కూతకి ఏమాత్రం తీసిపోని గొంతు కనుక పిల్లలే ఆ పేరు పెట్టారు, నేను దాని చేతే ప్రతిజ్ఞ చెప్పించేదాన్ని. ఆ రోజు ఎండలో “ఒక్క నీటిబొట్టు” దాకా చెప్పి, అక్కడే కుప్పకూలింది. నీడలోకి తీసుకెళ్ళి మొహం మీద నీళ్ళు చల్లి, గ్లాసు నోటికి అందిస్తే, ఒక్క గుక్క తాగి మూతి తిప్పేసుకుంది.

“తాగవేమే?”

“వొద్దండి టీచర్. తాగితే ఎల్లాల గదండి. ఎల్లడానికి లేదు గదండి. మేవెవరం బళ్ళో తాగవండి” అంది, అదేదో మామూలు సంగతైనట్టు.

ఆడపిల్లల మరుగుదొడ్డికి వెళ్ళే పైపు మూడేళ్ళ కిందట పగిలిందట. బాగు చేయించకుండా దానికో చెక్క బిరడా బిగించి వదిలేశారు. అప్పటినుంచి ఆ పిల్లలు ఇంటి దగ్గర బయల్దేరే ముందు తాగడం మానేసి, సాయంత్రం ఇంటికి పోయాక తాగుతున్నారు. పైన ట్యాంకు పొంగి గోడకి నాచు పడుతోంది, కింద పిల్లలు దాహంతో పడిపోతున్నారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికప్పుడు కాగితం రాసి పట్టుకుని పెద్ద సారు దగ్గరికి వెళ్ళాను.

“అప్లికేషను ఇచ్చామమ్మా, పైకి వెళ్ళింది, వస్తుంది” అన్నారాయన. అక్కడితో ఆగితే బాగుండేది. కళ్ళజోడు సర్దుకుని, “నిజానికి మూడేళ్ళుగా ఆ లైన్లో చుక్క ఖర్చు లేదు సుమా. ఆ సంగతి బహుమానం ఫారంలో పొదుపు కింద రాయి” అన్నారు. నేను విన్నది నిజమేనా అని రెండోసారి అడిగాను. రెండోసారి కూడా అదే అన్నారు. ఆడపిల్లల దాహం పొదుపట! ఆ గదిలోంచి బయటికి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు, తలుపు మాత్రం చప్పుడైందని తరవాత చెప్పారు.

మా నాన్న కూడా వర్క్‌షాపులో ఫిట్టరే. అక్కడొక పద్ధతుంది. మిషను లోపల చెయ్యి పెట్టే ముందు ఫిట్టరు దాని స్విచ్చికి తన ఎర్ర రేకు బిళ్ళ కడతాడు. అది ఉన్నంతసేపూ ఎవరూ ఆ స్విచ్చి ముట్టుకోకూడదు. కట్టినవాడే తియ్యాలి. ఫోర్‌మన్ చెప్పినా, జనరల్ మేనేజరే దిగివచ్చినా సరే. (నాన్న స్నేహితుడొకాయనకి కుడిచేతికి రెండు వేళ్ళే ఉండేవి. ఎవడో తొందరపడి ఆయన బిళ్ళ తీసిన ఫలితం. మా వీధిలో పిల్లలకి అఆలకంటే ముందు ఆయన చెయ్యి చూపించేవారు.) నాన్న రిటైరైనప్పుడు తన బిళ్ళ ఇంటికి తెచ్చుకుని మేకుకి తగిలించుకున్నాడు. శుక్రవారం పొద్దున్న దాన్ని నా చేతిసంచిలో వేసుకున్నాను. ప్రార్థన వేళకి ట్యాంకు యథాప్రకారం పొంగింది. వెళ్ళి మోటారు ఆపి, స్విచ్చికి బిళ్ళ కట్టి, సుద్దముక్కతో దాని మీద నా పేరు రాశాను. రేపు పొద్దున్న వచ్చి నేనే విప్పి, నిండేదాకా వేసి, నేనే కట్టేద్దామని నా ఆలోచన. లైన్ క్లియర్ బాబాయి వచ్చి బిళ్ళ చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి చెప్పులు విడిచాడు. ఆ రోజు మోటారు మళ్ళీ తిరగలేదు. నాకెంత సంతోషం వేసిందంటే, సాయంత్రం తిన్నగా ఇంటికెళ్ళి రెండు చెంబుల మజ్జిగ తాగి పడుకున్నాను.

శనివారం బహుమానం కమిటీ వాళ్ళు వస్తున్నారని నాకు తెలియక కాదు. పెద్ద సారే పొద్దున్న ఫోను చేసి, బడికి రాకుండా నేరుగా గోల్ బజారుకి వెళ్ళి పూలదండా, మిఠాయిలూ తెమ్మన్నారు. నేనా దండ బేరంలో పడి బిళ్ళ సంగతి నిలువునా మరిచిపోయాను. పది దాటాక ఫోను మోగింది.

“ఏమ్మా! మోటారుకి ఏదో కట్టావట! నీళ్ళు లేవు! టీ లేదు! వంటావిడ బియ్యం కడగలేదు! వాళ్ళొచ్చేస్తున్నారు!”

“తీసెయ్యండి సార్, నేనే చెబుతున్నాను కదా!” అన్నాను. ఫోను బాబాయి చేతికి వెళ్ళింది.

“ఫోన్లో సెప్తే ఎలగండి టీచరమ్మా? కట్టినోళ్ళు ఎదరగా ఉండాల. మీరు రండి, మీ సేత్తో తియ్యండి.”

“అక్కడ మనుషులెవరూ పనిలో లేరు బాబాయ్!”

“అది మీకు తెలుస్తాది. నాకెలా తెలుస్తాది?”

వెనకాల పెద్ద సారు, “పక్కకి తప్పుకో, నేనే తీస్తా” అని కేకలు. తరవాత తెలిసింది, ఆయన చెయ్యి బిళ్ళ దాకా వెళ్ళి ఆగిపోయిందట. ఆయన తండ్రీ వర్క్‌షాపులోనే చేశాడు మరి! లెక్కల మాస్టారు, బెంగాలీ మాస్టారు, వంటావిడ, ఆవిడ ఆయన, అందరూ స్విచ్చి ముందు గుడిలో నిలబడ్డట్టు నిలబడ్డారట. ఒక్కరికీ చెయ్యి రాలేదు. ఇంకే ఊళ్ళోనైనా అర నిమిషంలో పీకి పారేసేవారు.

మెడలో దండ వేసుకుని (సైకిలు మీద ఇంకెక్కడ పెట్టను?) చెమటలు కక్కుకుంటూ నేను వచ్చేసరికి కమిటీ వాళ్ళు వచ్చేశారు. అందులో ఒక పెద్దావిడ, బెంగాలీ, అందరూ దీదీ అంటున్నారు. ఆవిడ చాలా దూరం నుంచి జీపులో వచ్చింది, వచ్చీరాగానే ఆడపిల్లల దొడ్డి ఎక్కడని అడిగి వెళ్ళింది. తిరిగొచ్చి, “జొల్ కోథాయ్? నీళ్ళేవీ?” అంది. మొహం ఎర్రబడి ఉంది.

పెద్ద సారు నన్ను చూపించారు. “ఈ అమ్మాయి మోటారు బంద్ చేసేసింది మేడమ్. టెంపరరీ. తెలియని పిల్ల. లేకపోతే మా దగ్గర ఎప్పుడూ నీళ్ళే!” అన్నారు హిందీలో, నా కళ్ళెదుటే, కనురెప్ప కూడా వాల్చకుండా.

పక్కనే పాతికమంది ఆడపిల్లలు. ఒక్కరూ మాట్లాడలేదు. సైరన్ తల వంచుకుంది. వాళ్ళెందుకు మాట్లాడతారు? నెలాఖరుకి నా పోస్టు పొడిగించాల్సింది ఆయనే కనుక నేనే నోరు మూసుకున్నాను. వెళ్ళి బిళ్ళ విప్పాను. బాబాయి “లైన్ క్లియర్” అని మోటారు వేశాడు.

“ఠీక్ హై. ఆ దొడ్డి కుళాయిలో నీళ్ళొచ్చేదాకా కూర్చుంటాను” అంది దీదీ.

పెద్ద సారు మొహంలో రంగు అప్పుడు మారింది. ఆవిడ కుర్చీ తెప్పించుకుని దొడ్డి గుమ్మం ఎదురుగానే కూర్చుంది. నలభై నిమిషాలు. ఆవిడ చుట్టూ గోడలకి నీటి పొదుపు బొమ్మలు. టీ వచ్చింది, మిఠాయి వచ్చింది. ట్యాంకు నిండింది, పొంగింది, గోడ మీదుగా కారి దీదీ కుర్చీ కాళ్ళ దాకా వచ్చింది. కుళాయిలో మాత్రం చుక్క లేదు. అప్పుడావిడ పిల్లల వైపు తిరిగి ఎన్నాళ్ళనుంచి అని అడిగింది. సైరన్ తన పూర్తి గొంతుతో, “తీన్ సాల్! మూడేళ్ళు!” అంది. వీధి చివర వాళ్ళు కూడా విన్నారు.

నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. వెళ్ళి మోటారు ఆపి, బిళ్ళ మళ్ళీ కట్టి, “ఈ పిల్లల పైపు బాగయ్యేదాకా నేను తియ్యను. నా పోస్టు తీసేసుకోండి, బిళ్ళ మాత్రం తియ్యను” అన్నాను. బాబాయి వచ్చి స్విచ్చికి అడ్డంగా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. “బిళ్ళుంది. ఎవులూ ముట్టడానికి లేదు” అన్నాడు, పెద్ద సారునే చూస్తూ. మూడేళ్ళ కిందట పైకి వెళ్ళిన అప్లికేషను కిందికి రాలేదు గానీ, ప్లంబరు మాత్రం గంటన్నరలో వచ్చాడు. పైపు ముక్క చెయ్యి పొడవుంది. అంతే.

బహుమానం ఇంకో బడికి వెళ్ళింది. తరవాత మా బడిలో నీటి వాడకం పెరిగిందని పెద్ద సారు స్టాఫ్ మీటింగులో బాధపడ్డారు. పెరగదూ మరి, సగం బడి కొత్తగా తాగడం మొదలుపెడితే! నా పోస్టు సెలవులదాకా పొడిగించి, ఆ తరవాత మరిచిపోయారు. నాన్న బిళ్ళ తిరిగి మేకుకి తగిలిస్తూ, “మొదటిసారి కట్టినావు సూడు, అది తప్పు. అక్కడెవులూ పన్లో లేరు. రెండోసారి పైపు పనుంది, పర్వాలేదు” అన్నాడు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద మెప్పు ఎవరికీ దొరకలేదు.

సోమవారం ఆడపిల్లలందరూ సీసాలు తెచ్చుకున్నారు. సైరన్ గటగటా తాగి, మూతి తుడుచుకుని, సీసా నా వైపు చాపింది. “మీరూ తాగండి టీచర్. మీరెప్పుడూ తాగరు గదండి” అంది. ఆ సీసా అందుకున్నాను. నిజమే. చిన్నప్పుడు ట్రాఫిక్ కాలనీ బళ్ళో పదేళ్ళు చదివాను, ఈ బళ్ళో ఏడు నెలలు చెప్పాను. ఒక్కనాడూ బళ్ళో నీళ్ళు తాగిన గుర్తు లేదు. అందరి తరఫునా ఊరు ఎగిరేలా అరిచాను గానీ, ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్నని నాకు తట్టనేలేదు.

ఇప్పుడు వేరే బళ్ళో పర్మనెంటు. కుళాయిలన్నీ బాగానే వస్తాయి. అయినా సాయంత్రం ఇంటికొచ్చి, సంచి కూడా దించకుండా, నిలబడే రెండు గ్లాసులు తాగుతాను. “మీ బళ్ళో నీళ్ళు లేవా అమ్మా?” అంటుంది మా అమ్మాయి. ఉన్నాయే అంటాను. “మరి?” అంటుంది కోపంగా. దానికి నా పోలికే. రేపటినుంచి సీసా పట్టుకెళ్తానని దానికి మాటిచ్చాను. మొన్న కూడా ఇచ్చాననుకోండి.